చుక్కల గీత గీసినాయన

ఆయన అసలు పేరు మా ఫ్యాక్టరీలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. గేటు దగ్గర చౌకీదారు నుంచి జనరల్ మేనేజర్ దాకా అందరికీ ఆయన ‘లకీర్ సాబ్’. లకీర్ అంటే గీత. ‘లకీర్ కా ఫకీర్’ అని హిందీలో ఒక మాట ఉంది. పాత గీత పట్టుకుని వేలాడుతూ కొత్త దారి తొక్కనివాణ్ణి అలా అంటారు. మొదట ఎవరో వెటకారానికే ఆ పేరు పెట్టి ఉంటారు. ఆయన మాత్రం అలా పిలిచినప్పుడల్లా ఎవరో బిరుదిచ్చినట్టు తలూపేవారు.

ఈ జనవరిలో గుర్గావ్‌లో మా ఆఫీసుకి ఫోనొచ్చింది. పాత ఫ్యాక్టరీలో నాతో అకౌంట్స్ చూసిన శర్మ. “యార్, లకీర్ సాబ్ నహీఁ రహే” అన్నాడు. రాత్రి ఆయాసం వచ్చిందట, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే పోయారట. ఫోను పెట్టేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. పోయినవాడి మీద కోపమేమిటయ్యా అని మీరు అడగొచ్చు. వేళకి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటే ఆ మనిషికి ఆ చలీ లేదు, ఆ చాకిరీ లేదు. వెళ్లమని నేను చెప్పాను, వాళ్లావిడ చెప్పింది. వినలేదు. తాను గీసిన గీతని తానే నమ్మి, దాని మీద పెళ్లాన్నీ పిల్లనీ నిలబెట్టి కూర్చున్నారు. అదీ నా కోపం.

మాది ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో బ్లాక్ అండ్ వైట్ టీవీలు చేసే ఫ్యాక్టరీ. నేను తెనాలి నుంచి ట్రైనీగా వచ్చి పడ్డాను. హిందీ రాదు, చలి పడదు, రొట్టె గొంతు దిగదు. చేరిన వారంలోనే ఏదో కాగితం ఇచ్చి కంప్యూటర్ రూముకి పంపారు. ఆ రోజుల్లో ఆ గదికి దేవుడి గదికున్నంత మడి. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. లోపల ఏసీ ఉండేది, మనుషుల కోసం కాదు, యంత్రం కోసం. ఆ ఏసీలో మెడకి మఫ్లర్ చుట్టుకుని, కుర్చీ మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్న నల్లటి, సన్నటి మనిషి నన్ను ఎగాదిగా చూశారు.

“ఏ ఊరు తమ్మీ?”

ఆ తెలుగు ముక్క విని నాకు కళ్లనీళ్ల పర్యంతం అయింది. “తెనాలండీ” అన్నాను.

“అచ్ఛా, ఆంధ్రా పిలగానివా. నేను కరీంనగర్ దిక్కు. ఠీక్ హై, ఏం ఫరక్ పడదు. ఈడ మనమందరం మద్రాసోళ్లమే.”

ఆయన పని స్ప్రెడ్‌షీట్‌లో అంకెలు పోసి చార్టులు తీయడం. నెలకి ఎన్ని టీవీలు చేశాం, ఎన్ని అమ్మాం అన్నది పొడుగు కడ్డీలుగా, పొట్టి కడ్డీలుగా తెర మీద లేచేది. అంతవరకూ యంత్రం పని. ఆ కడ్డీల మీద మళ్లీ కొన్ని గీతలు కావాలి. ఇంత దాటితేనే ఫ్యాక్టరీకి గిట్టుబాటు అని చెప్పే అడ్డగీత ఒకటి, దీపావళి ఎక్కడ వచ్చిందో చూపే నిలువు గీత ఒకటి. వాటిని మాత్రం మౌస్ పట్టుకుని చేత్తో గీయాల్సిందే. ఆయనకి ప్రాణం అంతా అక్కడే ఉండేది.

“కడ్డీలు మెషీన్ గీస్తది, అది లెక్క. మీదికెళ్లి మనం గీసేది లెక్క గాదు తమ్మీ. అది మన మాట” అనేవారు.

నాకు నేర్పిన మొదటి పాఠం, “ముందుగాల చార్టును ముట్టు, ఆ తర్వాత గీత గీయి.” చార్టు మీద ఒకసారి క్లిక్ చేసి, అప్పుడు గీస్తే ఆ గీత చార్టులో కలిసిపోతుంది, చార్టు ఎటు వెళితే అటు వెళుతుంది. ముట్టకుండా గీస్తే చూడ్డానికి అలాగే ఉంటుంది గాని, గీత కాగితానిదవుతుంది, చార్టుది కాదు. నేను తొందర మనిషిని. ముట్టకుండానే దీపావళి గీత గీసేసి, చార్టుని పేజీ మధ్యకి జరిపి, ప్రింటు కొట్టాను. కడ్డీలన్నీ మధ్యకి వచ్చాయి. గీత ఒక్కటీ పేజీ మూల తెల్లకాగితం మీద మిగిలిపోయింది. ఆయన ఆ కాగితం పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. “నీ దీవాలి రోడ్డున వడ్డది గదరా బై!”

గీత తిన్నగా రావాలంటే కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని మౌస్ లాగాలి. వదిలితే చెయ్యి వణికినంత మేరా గీత వంకర పోతుంది. ఆయన ఎడమ చిటికెన వేలుకి అది ఎంత అలవాటైందంటే, క్యాంటీన్‌లో ఎవరితోనైనా ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తే ఆ వేలు బల్ల మీద గట్టిగా నొక్కుకుపోయేది. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. ఆ క్షణంలో ఎవరైనా తలుపు తోస్తే బూతు ఒక్కటే తక్కువ.

ఇంకో చాదస్తం, గీత సన్నం. ప్రోగ్రాంలో ఉన్నవాటిలో అన్నిటికంటే సన్నటిదే వాడేవారు. జనరల్ మేనేజర్‌కి లావు గీతలు కావాలి, మీటింగులో వెనక కుర్చీలవాళ్లకి కూడా కనబడాలి. “మోటీ కరో భాయ్, మోటీ!” అని ఆయన గోల. ఈయన ‘జీ సర్’ అని ఒక్క పిసరు పెంచి ఊరుకునేవారు. ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను.

“మాది గీత ఇల్లు తమ్మీ” అన్నారు. నాకు అర్థం కాలేదు. “మా నాయిన తాళ్లు గీసెటోడు. కల్లు గీత. గెలను దినాం గీయాలె, గానీ సన్నంగ గీయాలె. జర మందం గీసినవా, ఆ గెల ఎండిపోతది, చుక్క రాలదు. ఆయన చెట్టు గీసిండు, నేను చార్టు గీస్తున్న. కులవృత్తి ఇడిశిపెట్టలే సూడు.”

తెనాలిలో మేమూ గీత అనే మాట వాడతాం గాని, ఆ రెండు గీతలూ ఒకటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయనకి మాత్రం అవి రెండు కావు. చార్టు నచ్చకపోతే ‘ఎండింది’ అనేవారు, కుదిరితే కల్లు దిగినట్టు ‘దిగుతున్నది’ అనేవారు. పనివాళ్లకి అది అర్థం కాక, మద్రాసీ సాబ్ ఏదో మంత్రం చదువుతున్నాడని నవ్వుకునేవారు.

తర్వాత కలర్ టీవీల కాలం వచ్చింది. విదేశీ కంపెనీలు దిగాయి, పాత టీవీ తెస్తే కొత్తది తక్కువకిస్తామన్నాయి. మా కడ్డీలు కుంగడం మొదలెట్టాయి. మూడు షిఫ్టులు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. గిట్టుబాటు గీతని ఏ కడ్డీ తాకక చాలా కాలమైంది. ఫ్యాక్టరీ మూసేస్తారని టీకొట్టు దగ్గర గుసగుస. ఢిల్లీ హెడాఫీసులో దాని గురించే మీటింగు పెట్టారు.

మీటింగుకి ముందురోజు జనరల్ మేనేజర్ స్వయంగా చెప్పులు విడిచి కంప్యూటర్ రూములోకి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. తెర మీద చార్టు చూసి, చివరి కడ్డీ పక్కన ఉన్న ఖాళీ మీద వేలు పెట్టారు.

“యహాఁ సే ఏక్ లైన్ ఖీంచో. డాటెడ్. ఊపర్ కీ తరఫ్.” ఇక్కణ్ణుంచి చుక్కల గీత ఒకటి, పైకి.

“సర్, ఇస్‌కే నీచే నంబర్ నహీఁ హై” అన్నారీయన. దాని కింద అంకె లేదని.

“నంబర్ కిస్‌నే మాంగా? లైన్ మాంగీ హై.” అంకె ఎవరడిగారు, గీత అడిగాను అని.

 ఈయన చార్టుని ముట్టి, ఊపిరి బిగబట్టి, చివరి కడ్డీ నెత్తి నుంచి కుడివైపుకి ఒక చుక్కల గీత లాగారు. అది మెల్లగా పైకి లేచి, గిట్టుబాటు గీతని దాటి, అంచు దగ్గర ఆగింది. చాలా అందంగా వచ్చింది. జనరల్ మేనేజర్ భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక ఈయన ఒక పని చేశారు. ఆ ప్రోగ్రాంలోనే, ఉన్న అంకెల్ని బట్టి ముందు ఏమవుతుందో యంత్రమే లెక్కగట్టి గీసే గీత ఒకటి ఉండేది. దాన్ని అంతకుముందెన్నడూ వాడగా నేను చూడలేదు. మెనూలోకి వెళ్లి దాన్ని నొక్కారు. నల్లటి గీత కడ్డీల మీదుగా జారుకుంటూ వెళ్లి, అడుగున ఉన్న సున్నాని తాకింది. ఆ తాకిన చోటు మేమిద్దరం చూశాం. వేసవికి కాస్త ఇవతల. ఆయన డిలీట్ కొట్టి, “చాయ్ తాగుదాం పా” అన్నారు.

ఆ మీటింగులో ఏమైందో నాకు తెలియదు. మూయలేదు, అంతే. పైగా పనివాళ్లు ధైర్యంగా ఉంటారని జనరల్ మేనేజర్ ఆ చార్టుని పెద్దగా ప్రింటు తీయించి క్యాంటీన్ గోడకి అంటించారు. పనివాళ్లలో సగం మంది ఆడవాళ్లు, లోపలి బోర్డులకి సోల్డరింగ్ చేసేవాళ్లు. వాళ్లలో సరళా దీదీ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు మంచం పట్టాడు, ఇంటికి ఆవిడే ఆధారం. ఒకరోజు మేం టీ తాగుతుంటే మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“భయ్యా, మా ఆడపడుచు నోయిడాలో కుట్టు ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానంటోంది. ఈ వారంలోనే చెప్పాలట” అంది హిందీలో. గోడకేసి చూపించింది. “యే లైన్ ఊపర్ జా రహీ హై న? ఆప్ హీ నే బనాయీ హై న?” ఈ గీత పైకే కదా పోతోంది, మీరు గీసిందే కదా అని.

ఆయన చిటికెన వేలు బల్ల మీద నొక్కుకుపోయింది. 

“ఊపర్ హీ జా రహీ హై, దీదీ.”

ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. నోయిడా వెళ్లలేదు. ఆవిడ ఉంటోందని తెలిసి ఆ వరసలో ఇంకా చాలామంది ఉండిపోయారు. ఈయన టీ సగంలో వదిలేసి లేచారు.

ఆ పై నెల కొత్త కడ్డీ వచ్చింది. చుక్కల గీత ఎక్కడుండాలో చెప్పిందో అక్కడికి చాలా కిందనే ఆగిపోయింది. గీత చెరిపేస్తారేమో అనుకున్నాను. చెరపలేదు. గీతని పట్టుకుని, కొత్త కడ్డీ నెత్తి మీదికి దించి, అక్కణ్ణుంచి మళ్లీ పైకి పోయేలా జరిపారు. అదే ఏటవాలు, అదే సన్నం. తర్వాతి నెలా అంతే. కడ్డీలు ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆ గీత కూడా వాటి వెంటే దిగి, దిగినచోటి నుంచి ఆకాశం చూపించేది. మా శర్మ దాన్ని చూసి “లకీర్ సాబ్ కీ సీఢీ” అని నవ్వాడు, లకీర్ సాబ్ నిచ్చెన అని. నేనూ నవ్వాను.

“అన్నా, ఇది ఎన్నాళ్లు జరుపుతారు?” అన్నాను ఒకరోజు.

“జరిగినన్నొద్దులు” అన్నారు.

ఆయన భార్యని నేను వదినా అనేవాణ్ణి. ఆ రోజుల్లోనే వదిన తమ్ముడు హైదరాబాద్‌లో ఒక సిమెంట్ కంపెనీ ఆఫీసులో ఈయనకి పని చూశాడు. అదే పని, చార్టులు. వెళ్లి చేరడమే. లకీర్ సాబ్ వాళ్లిల్లు ఫ్యాక్టరీకి దగ్గర్లో, వైశాలిలో. అప్పటికి అక్కడ సగం ఫ్లాట్లకి కిటికీలు కూడా పెట్టలేదు, పక్కన బంజరు, సాయంత్రమైతే నక్కల ఊళలు. ఆదివారం భోజనానికి పిలిచారని వెళ్లాను. వెళ్లింది తిండికే గాని, వదిన నన్ను పంచాయితీకి కూర్చోబెట్టింది.

“నువ్వన్న చెప్పు తమ్మీ. బతుకమ్మ ముచ్చట బిడ్డకు తెల్వకపాయె. తెలుగుల అడిగితే హిందీల జవాబు చెప్తది. పోదాం అంటే ఈయన కదలడు.”

“మమ్మీ, మై జాఊఁగీ హైదరాబాద్” అంది పక్కగదిలోంచి వాళ్లమ్మాయి.

“వినిండ్రా? పిల్ల గూడ వస్తనంటున్నది.”

“అన్నా, వెళ్లిపోండి” అన్నాను. “నేను కూడా గుర్గావ్‌లో ఒకచోట పని చూసుకున్నాను. ఇక్కడేముంది? ఆ యంత్రం గీసిన గీత మీరూ నేనూ చూశాం కదా.”

“వచ్చే నెల చూద్దాం” అన్నారు, పప్పు కలుపుకుంటూ.

“ప్రతి నెలా అదే అంటున్నారట.”

“వచ్చే నెల” అన్నారు మళ్లీ.  వదిన గిన్నెలు తీసుకుని చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మూర్ఖుడితో వాదించి లాభం లేదని నేనూ పెరుగన్నంలో పడ్డాను. సిమెంట్ కంపెనీవాళ్లు చూసి చూసి వేరేవాళ్లని పెట్టుకున్నారు.

వేసవి రాకముందే ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటుకి లోపలి నుంచి తాళం పడింది. బయట కాగితం అంటించారు. అప్పటికి నేను గుర్గావ్‌లో చేరిపోయాను గాని, కాగితాల పనేదో మిగిలి ఆ రోజు వెళ్లాను. ఆఫీసు స్టాఫుని వెనక గేటు నుంచి పిలిచి లెక్కలు చూసి పంపిస్తున్నారు. ఈయన మాత్రం ముందు గేటు దగ్గరే, పనివాళ్ల మధ్య ఎండలో నిలబడి ఉన్నారు. రమ్మని నేను సైగ చేశాను. రాలేదు.

సరళా దీదీ ఆయన ముందుకి వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. “భయ్యా, ఆప్ నే తో కహా థా” అంది. మీరే కదా చెప్పారు అని. ఆయన తల దించుకోలేదు. ఆవిడ కొంగు సర్దుకుని, బస్సు వచ్చే రోడ్డు వైపు నడిచింది. ఆయన సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డారని తర్వాత శర్మ చెప్పాడు.

ఆ తర్వాత ఆయనకి సరైన పని దొరకలేదు. వైశాలిలో ఒక చిన్న కొట్లో పెళ్లిపత్రికలు కంపోజ్ చేసేవారు, కిటికీ లేని గదిలో. రెండు మూడుసార్లు కలిశాను. పత్రికల అంచుకి గీతలు గీస్తుంటే, బాగుందని ఎవరైనా అంటే తలూపడం మానేశారు. దగ్గు పట్టుకుంది. ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే, ఊపిరితిత్తులు మంచివైతేనే అంతంతమాత్రం. చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

శర్మ ఫోను చేసిన మర్నాడు వైశాలి వెళ్లాను. వాళ్లమ్మాయి తలుపు తీసి, “అంకుల్, బైఠియే” అని లోపలికి పోయింది. వదిన నేల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన మొహం. నేను పరామర్శకి వెళ్లినవాణ్ణి, ఊరుకోవాలి. కానీ కోపం లోపల్నే ఉంది కదా, నోరు జారింది.

“ఆ గీత ఒక్కటీ నమ్మకుండా ఉంటే వదినా, ఈపాటికి హైదరాబాద్‌లో ఉండేవాళ్లు.”

వదిన తలెత్తి చూసింది. “నమ్ముడా? ఎవరు, ఆయననా?”

“మరి?”

“ఒక్క దినం గూడ నమ్మలే తమ్మీ. ఆ గీత గీసిన నాడే ఇంటికొచ్చి చెప్పిండు. ఫ్యాక్టరీ అయిపోయింది, ఎండకాలం చూడది అన్నడు.”

 “మరి ఎందుకుండిపోయారు?” అన్నాను.

“నేను గూడ గదే అడిగిన. దినాం కొట్లాడిన. ‘ఆ కాగితం చూసి ఎంతమంది ఆగిన్రో నా కండ్లతోని చూసిన. గీసిన నేనే ముందుగాల సామాను గట్టుకుంటె, ఆల్ల మొకం ఎట్ల చూడాలె’ అన్నడు. గంత బాధయితే, ఆ దీదీకి ఆనాడే నిజం చెప్పకపోయినవా అన్న.  ఆల్లతోని పాటు నేనూ మునుగుత అని కూసున్నడు.”

దుప్పటి భుజం మీదికి లాక్కుంది. బయట పొగమంచు ఇంకా విడలేదు, మధ్యాహ్నమైనా గదిలో లైటు వెలుగుతోంది.

“సరళా దీదీ వాళ్లు ఎవరైనా వచ్చారా వదినా?”

“ఎవరొస్తరు? ఆల్ల లెక్కల ఈయన అబద్ధం చెప్పినోడు. ఆల్ల కోసమే ఆగిండని ఆల్లకు తెల్వనే తెల్వదు.” కొంగుతో ముక్కు తుడుచుకుని, నా కళ్లలోకి సూటిగా చూసింది. “ఆగి ఒక్కలనన్న ఒడ్డుకేసిండా? ఒక్కల పేరు చెప్పు తమ్మీ, నేను ఇంక ఏడువ.”

నేను చాలాసేపు ఆలోచించాను. ఒక్క పేరు కూడా రాలేదు.